రోహిణి కార్తెలో పేలని పిస్టల్: ఒక సీఓటూ ఎయిర్ పిస్టల్ కేస్ స్టడీ

విజయవాడలో ఎయిర్ గన్లు బాగుచేసే నా బెంచి మీదికి మే నెలాఖరులో వచ్చిన పిస్టల్ ఇది. 4.5 మి.మీ. బోరు, రైఫ్లింగ్ (లోపల మెలికలు తిరిగిన గాడులు) ఉన్న బ్యారెల్, ఎనిమిది పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) పట్టే గుండ్రటి డిస్క్, పిడి లోపల 12 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) క్యాప్సూల్. క్యాప్సూల్‌ను పిడి అడుగున ఉన్న స్క్రూతో పైకి బిగిస్తే, పైనున్న సూది దాని మూతికి రంధ్రం చేస్తుంది. ఆ సూది చుట్టూ ఉండే చిన్న సీల్ గ్యాస్‌ను బయటికి పోకుండా ఆపుతుంది. ఇలాంటి పిస్టళ్లు మన దగ్గర చాలామంది ఇళ్లలో ఉన్నాయి కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

పిస్టల్‌ది పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్న అబ్బాయి. తండ్రి వెంటబెట్టుకుని వచ్చారు. ఫిర్యాదు ఆయనే చెప్పారు: "గ్యాస్ నిలవట్లేదు సార్. రాత్రి క్యాప్సూల్ వేస్తే తెల్లారేసరికి ఖాళీ. ఉన్నప్పుడు కూడా దెబ్బలో బలం లేదు. నిన్నయితే పేలిన చప్పుడు వచ్చింది గానీ అట్ట మీద చిల్లే పడలేదు. సీల్ మార్చి ఇచ్చేయండి, చాలు."

సీల్ మార్చడం పెద్ద పని కాదు. ఆయన అడిగినట్టే మార్చి పంపేయొచ్చు. కానీ పేలిన చప్పుడు వచ్చి అట్టకు చిల్లు పడలేదంటే ఆ పెల్లెట్ ఎక్కడికి పోయింది? పైగా అబ్బాయి కుడి బొటనవేలి మీద చర్మం తెల్లగా పొలుసులు లేస్తోంది. వేలికేమైందని అడిగితే తండ్రి వైపు చూశాడు. అసలు కేసు అక్కడ మొదలైంది.

అబ్బాయి చెప్పింది

వారం కిందట మధ్యాహ్నం పూట డాబా మీద టార్గెట్ పెట్టుకున్నాడు. కొత్త క్యాప్సూల్ వేసి రెండు మూడు షాట్లు కాల్చాడు, బాగానే వెళ్లాయి. కింద నుంచి అమ్మ భోజనానికి పిలిస్తే పిస్టల్‌ను అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో వదిలేసి దిగాడు. అన్నం తిని మళ్లీ పైకెళ్లి ట్రిగ్గర్ నొక్కితే ఏమీ రాలేదు. "టక్ మని సుత్తి పడ్డ చప్పుడే అంకుల్. గాలి రాలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను, అంతే. గ్యాస్ అయిపోయిందనుకున్నాను."

గ్యాస్ అయిపోయిందనుకుని, పాత క్యాప్సూల్ తీయడానికి పిస్టల్‌ను తలకిందులు చేసి మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, అలెన్ కీతో అడుగు స్క్రూ తిప్పాడు. ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి బుస్సుమని తెల్లటి పొగ వచ్చింది. వేలు ఆ పొగలోనే ఉండిపోయింది. పిస్టల్ చేతిలోంచి జారి డాబా మీద పడింది. అప్పటికి డిస్క్ లోపలే ఉంది, అందులో ఇంకా పెల్లెట్లు ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంకో క్యాప్సూల్ వేస్తే పేలింది. అందుకే ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లీకు మొదలైంది కూడా ఆ సాయంత్రం నుంచే. తండ్రికి తెలిసింది లీకు ఒక్కటే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. సీఓటూ పిస్టల్‌కు ఆ ఎండ ఏం చేస్తుందో తెలియాలంటే క్యాప్సూల్ లోపల ఏముందో తెలియాలి.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది

12 గ్రాముల క్యాప్సూల్‌లో ఉండేది గట్టిగా కుదించిన గాలి కాదు, ద్రవంగా మారిన కార్బన్ డయాక్సైడ్. ద్రవం పైన కొంత ఆవిరి ఉంటుంది. షాట్ కొట్టినప్పుడు ఆవిరి కొంత ఖర్చవుతుంది, ద్రవంలో కొంత మరిగి ఆ ఖాళీని నింపుతుంది. ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ఒత్తిడిని నిర్ణయించేది ఎంత గ్యాస్ మిగిలిందన్నది కాదు, దాని ఉష్ణోగ్రత. 10 డిగ్రీల దగ్గర సుమారు 45 బార్లు, 20 డిగ్రీల దగ్గర 57, 30 డిగ్రీల దగ్గర 72. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకే అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

31 డిగ్రీలు దాటితే కథ ఇంకా మారుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు అది సందిగ్ధ ఉష్ణోగ్రత (క్రిటికల్ టెంపరేచర్). ఆ పైన ద్రవం, ఆవిరి అని రెండు వేర్వేరుగా ఉండవు, లోపలున్నదంతా ఒకే రూపంలో కలిసిపోతుంది. అక్కడి నుంచి ఒత్తిడి క్యాప్సూల్ ఎంత నిండుగా ఉందో దాన్ని బట్టి పెరుగుతుంది. నిండు క్యాప్సూల్‌లో చాలా వేగంగా పెరుగుతుంది. క్యాప్సూళ్ల డబ్బా మీద సుమారు 49, 50 డిగ్రీలు దాటనివ్వొద్దని ముద్రించేది ఇందుకే. మన దగ్గర ఎండలు ముదిరిన మే నెల మధ్యాహ్నం గాలే 44, 45 డిగ్రీలకు చేరుతుంది. నేరుగా ఎండ తగిలే నల్లటి లోహం, అద్దాలు ఎత్తిన కారు డాష్‌బోర్డు అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతాయి. ఆ హెచ్చరిక చల్లటి దేశాల వాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

ఇప్పుడు వాల్వ్ సంగతి. ఈ రకం పిస్టల్‌లో వాల్వ్‌ను మూసి ఉంచేది ప్రధానంగా దాని వెనకున్న గ్యాస్ ఒత్తిడే. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ (లోపలి సుత్తి) వచ్చి వాల్వ్ కాడను కొడుతుంది. ఆ దెబ్బకు వాల్వ్ క్షణంపాటు తెరుచుకుని, కాస్త గ్యాస్ పెల్లెట్ వెనక్కి వెళ్లి, మళ్లీ మూసుకుంటుంది. హ్యామర్ స్ప్రింగు బలం ఎండలోనైనా నీడలోనైనా ఒకటే. గ్యాస్ ఒత్తిడి అలా కాదు. కొంత వేడి వరకు పెల్లెట్ వేగం పెరుగుతుంది. ఇంకా వేడెక్కితే హ్యామర్ దెబ్బ వాల్వ్‌ను సరిగా తెరవలేక వేగం పడిపోతుంది. అదీ దాటితే వాల్వ్ అసలు కదలదు. టక్ మన్న చప్పుడు ఒక్కటే మిగులుతుంది. మేం దీన్ని వాల్వ్ లాక్ అంటాం.

అంటే ఆ మధ్యాహ్నం అబ్బాయి ఖాళీ అయిందనుకున్న పిస్టల్, నిజానికి ఆ రోజంతటిలో అత్యంత ఎక్కువ ఒత్తిడితో ఉంది. శబ్దం రాకపోవడానికి కారణం గ్యాస్ లేకపోవడం కాదు, మితిమీరి ఉండటం.

బెంచి మీద

గ్యాస్ గన్ ఏది వచ్చినా, తెచ్చినవాళ్లు ఖాళీ అని ప్రమాణం చేసినా, నా దగ్గర అది నిండి ఉన్నట్టే లెక్క. ముందు సేఫ్టీ (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీట) వేసి, పిస్టల్ మూతిని పెల్లెట్లను ఆపే ఇసుక నింపిన ట్రాప్ పెట్టె వైపు పెట్టాను. కళ్లద్దాలు నాకూ, గదిలో ఉన్న ఆ ఇద్దరికీ. బ్రీచ్ (బ్యారెల్ వెనక భాగం) తెరిచి డిస్క్ బయటికి తీశాను. తర్వాత పిస్టల్‌ను ఏసీ గదిలో కొంతసేపు వదిలేశాను. కొందరు తొందరపడి ఫ్రిజ్‌లో పెడతారు, తడి గుడ్డ చుడతారు. లోపలికి చెమ్మ చేరి స్టీలు భాగాలు తుప్పు పట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. నీడలో నిదానంగా చల్లబడనిస్తే చాలు.

చల్లబడ్డాక సేఫ్టీ తీసి, మూతి ట్రాప్‌లోకే ఉంచి, పెల్లెట్లు లేకుండా ట్రిగ్గర్ నొక్కుతూ మిగిలిన గ్యాస్ ఖాళీ చేశాను. బ్యారెల్‌లో ఏదైనా ఇరుక్కుని ఉంటే అది ఇప్పుడైనా బయటికి దూసుకొచ్చే వీలుంది, అందుకే ట్రాప్. శబ్దం పూర్తిగా ఆగిపోయాక కూడా అడుగు స్క్రూను ఒక్కసారిగా విప్పలేదు. పావు చుట్టు తిప్పి ఆగాలి, బుస్సుమంటే అది ఆగేదాకా చెయ్యి కదపకూడదు, ఆ తర్వాతే ఇంకో పావు. చేతికి తోలు గ్లవ్, మొహం పక్కకి. క్యాప్సూల్ బయటికి వచ్చాక తూకం వేశాను. ఖాళీ క్యాప్సూల్ బరువు ముందే తెలిసి ఉంటే లోపల ఏమైనా మిగిలిందో లేదో తూకమే చెబుతుంది. చెవిని నమ్మడం కంటే ఇది మేలు.

గ్యాస్ లేదని ఖాయం చేసుకున్నాకే బ్యారెల్‌లోకి ఇత్తడి కడ్డీ పెట్టాను. మధ్యలో ఆగింది. సిలికాన్ నూనె ఒక చుక్క వేసి వెనక వైపు నుంచి నెడితే ఒకదానికొకటి అతుక్కుని రెండు పెల్లెట్లు వచ్చాయి. తండ్రి చాలాసేపు వాటినే చూశారు. చప్పుడు వచ్చినా చిల్లు పడని షాట్ మొదటిది, దాని వెనకే కాల్చింది రెండోది.

సూది చుట్టూ ఉన్న సీల్ ఉబ్బి, అంచులో చిరిగి, లోపల చిన్న చిన్న బుడగలు పగిలినట్టు ఉంది. దాని మీద తుప్పు వదిలించే స్ప్రే వాసన. లీకు మొదలయ్యాక బాగవుతుందని ఆ స్ప్రే కొట్టారట. బ్యారెల్ శుభ్రంగానే ఉంది, సూది మొన కాస్త అరిగింది గానీ పనికొస్తుంది.

మూడు ఫిర్యాదులకూ ఒకే దారి

రబ్బరు సీళ్లు ఒత్తిడిలో ఉన్న సీఓటూను నెమ్మదిగా పీల్చుకుంటాయి. ఒత్తిడి నిదానంగా తగ్గితే ఆ గ్యాస్ కూడా నిదానంగానే బయటికి వస్తుంది. ఎండలో అంత ఒత్తిడితో ఉన్నదాన్ని స్క్రూ విప్పి ఒక్క క్షణంలో వదిలేస్తే, రబ్బరు లోపల చిక్కుకున్న గ్యాస్ బుడగలై దాన్నే చీల్చుకుంటూ వస్తుంది. బొటనవేలిని కాల్చిన ఆ బుస్సే సీల్‌ను కూడా చింపింది. ఒక్క క్యాప్సూల్‌లోని 12 గ్రాములు గది ఉష్ణోగ్రత దగ్గర ఆరు లీటర్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఆ వ్యాకోచంలో వేడినంతా లాగేసుకుంటుంది కాబట్టి బయటికొచ్చే గ్యాస్‌లో సన్నటి డ్రై ఐస్ రేణువులు కూడా ఉంటాయి. డ్రై ఐస్ అంటే మైనస్ 78 డిగ్రీలు. మే నెల ఎండలో ఒక పిల్లవాడి వేలికి మంచు కాటు తగలడం వింతగా అనిపిస్తుంది గానీ, జరిగింది అదే.

సీల్ చిరిగాక లీకు. దాని మీద కొట్టిన స్ప్రే, ఉన్న కాస్త సిలికాన్ పూతను కూడా కడిగేసి లీకును పెంచింది. లీకు వల్ల క్యాప్సూల్‌లో ద్రవమంతా అయిపోయి ఆవిరి మాత్రమే మిగిలిన దశకు త్వరగా వస్తుంది. ఆ దశలో ప్రతి షాట్‌కూ ఒత్తిడి పడిపోతుంది. చప్పుడు చేసేంత గ్యాస్ ఉంటుంది, పెల్లెట్‌ను బ్యారెల్ దాటించేంత ఉండదు. అలా ఇరుక్కున్నవే ఆ రెండూ. సీల్ మార్చి పంపేసి ఉంటే ఏమయ్యేది? పూర్తి ఒత్తిడితో, మూసుకుపోయిన బ్యారెల్‌తో, ఏ మధ్యాహ్నం మొరాయించినా మళ్లీ స్క్రూ విప్పే అలవాటుతో ఆ పిస్టల్ అదే డాబా మీదికి వెళ్లేది.

అందుకే ఈ కేసులో నేను చేసిన అసలు రిపేరు సీల్ మార్చడం కాదని నా అభిప్రాయం. పిస్టల్ మాట్లాడకపోతే దాన్ని ఖాళీ అనుకోవద్దని ఆ ఇద్దరికీ నమ్మకం కలిగేదాకా చెప్పడమే పెద్ద పని. ఏమీ పేలకపోతే మూతి సురక్షితమైన వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, సేఫ్టీ వేయాలి, నీడకు తేవాలి, చల్లబడ్డాక ట్రాప్‌లోకి కాల్చి ఖాళీ చేయాలి. స్క్రూ జోలికి అన్నిటికంటే చివర వెళ్లాలి. అదీ మోకాళ్ల మధ్య పెట్టుకుని కాదు. పిడి అడుగు స్క్రూ తిప్పేటప్పుడు అందరూ పిస్టల్‌ను తలకిందులు చేస్తారు, అప్పుడు మూతి తమ తొడ వైపో, పక్కనున్నవాళ్ల వైపో తిరిగిపోతుంది. ఈ ఒక్క భంగిమ గురించి నాకు ఎప్పుడూ టెన్షనే. బల్ల మీద గుడ్డ పరిచి, మూతి గోడ వైపు పెట్టి, పక్కకు పడుకోబెట్టి తిప్పమని ఇద్దరితోనూ చేయించి చూశాను.

రిపేరు, పరీక్ష

తయారీదారు కిట్‌లోని సీల్ వేశాను. బజారులో అదే సైజులో దొరికే ఓ-రింగు ఏ రబ్బరుతో చేసిందో మనకు తెలియదు. సీఓటూకు కొన్ని రబ్బర్లు త్వరగా ఉబ్బుతాయి, పాలీయూరిథేన్ మెరుగ్గా తట్టుకుంటుంది. ప్రతి కొత్త క్యాప్సూల్ మూతి మీద ఎయిర్ గన్ సీళ్ల కోసం అమ్మే నూనె ఒక్క చుక్క వేయమని చెప్పాను. క్యాప్సూల్ గుచ్చగానే ఆ చుక్కను గ్యాసే లోపలి సీళ్లదాకా తీసుకెళుతుంది. ఒక్క చుక్కే. ఎక్కువైతే బ్యారెల్‌లోకి చేరి గురి చెదురుతుంది. స్క్రూ కూడా బుస్సు ఆగేంతవరకే బిగించాలి, ఇంకా బలం పెడితే కొత్త సీల్ కూడా నలిగిపోతుంది.

లీకు పరీక్షకు మొదట కీళ్ల దగ్గర సబ్బునీటి నురగ. తర్వాత నేను ఎక్కువ నమ్మేది తూకం: క్యాప్సూల్ వేసిన పిస్టల్‌ను రాత్రి, మళ్లీ పొద్దున గ్రాములో పదో వంతు చూపించే కాటా మీద పెట్టాను. బరువు మారలేదు. సీల్ నిలిచింది.

పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద కాల్చినప్పుడు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏసీ గదిలో షాట్‌కూ షాట్‌కూ మధ్య అర నిమిషం వదిలితే వేగం సెకనుకు 120 మీటర్ల చుట్టుపక్కల నిలకడగా ఉంది. ఎనిమిదీ గబగబా కాలిస్తే చివరికి వచ్చేసరికి బాగా తగ్గింది, పిడి చేతికి చల్లగా తగిలింది. ద్రవం మరగడానికి కావలసిన వేడిని పిస్టల్ లోహం నుంచే లాక్కుంటుంది మరి. "అందుకేనా అంకుల్, చివరి పెల్లెట్లు కిందకి పడేవి? నా చెయ్యి వణుకుతోందనుకున్నాను" అన్నాడు. వాడి చెయ్యి బాగానే ఉంది.

అర గ్రాము పెల్లెట్ ఆ వేగంతో వెళితే 3.6 జౌళ్లు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దాంతో చాలామంది దీన్ని బొమ్మ కింద జమకడతారు. కంటికి ఇందులో చిన్న భాగం చాలు. డాబా ఫొటో చూపించమంటే చూపించారు: టార్గెట్ అట్ట పిట్టగోడ మీద ఆనించి ఉంది, గురి తప్పితే వెనక పక్కింటి డాబా, దాని మీద బట్టల తీగ. గోడ తగలని పెల్లెట్ వందల మీటర్లు పోతుంది. ఆ చోటు మానేయమని, ఇంటి పక్కనున్న గోడౌన్ వరండాలో, తలుపులేని మందపాటి గోడ ముందు, స్టీలు పెల్లెట్ ట్రాప్ పెట్టుకోమని ఒప్పించాను. వరండా నీడలో ఉంటుంది కాబట్టి వేడి బాధ కూడా సగం తీరుతుంది. సీసపు పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగకుండా ఏమీ తినకూడదని అబ్బాయికి విడిగా చెప్పాను. ఈ పిస్టల్ చూడటానికి అసలు పిస్టల్‌లాగే ఉంటుంది, బయటికి తీసుకెళితే తాళం వేసిన పెట్టెలోనే.

తండ్రి ఒక ప్రశ్న అడిగారు, మంచి ప్రశ్న: సోడా తయారీకి వాడే చిన్న క్యాప్సూళ్లు చవకగా దొరుకుతున్నాయి, అవి వాడొచ్చా? వద్దన్నాను. సైజు తేడా వల్ల సీల్ మీద సరిగా కూర్చోవు. అంతకంటే ప్రమాదం, చూడటానికి అలాగే ఉండే క్రీమ్ క్యాప్సూళ్లలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. అది మంటను పెంచే గ్యాస్. నూనె ఉన్న చోట, ఒత్తిడిలో, దాన్ని వదలడం మాటల్లో కూడా అనుకోకూడదు.

పోటీలకు వెళ్లాలంటే

అబ్బాయికి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పోటీపడాలని ఉంది. ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఇదే ఈవెంట్‌లో రజతం గెలిచిన దగ్గర్నుంచి ఇలాంటి పిల్లలు నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు, చాలా సంతోషం. ఒకప్పుడు మ్యాచ్ పిస్టళ్లలోనూ సీఓటూ రాజ్యమేలింది, 1980లలో పెద్ద కంపెనీలు చాలావరకు వాటిని చేశాయి. 1990ల నుంచి కంప్రెస్డ్ ఎయిర్ (సిలిండర్‌లో కుదించిన గాలి) వాటిని పక్కకు నెట్టింది. కారణం ఈ కేసులో చూసిందే. 20 నుంచి 45 డిగ్రీలకు వెళితే సిలిండర్‌లోని గాలి ఒత్తిడి పెరిగేది దాదాపు 9 శాతం, దాన్ని కూడా ఒత్తిడిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్ సరిచేస్తుంది. సీఓటూ అయితే 10 నుంచి 30 డిగ్రీలకే 60 శాతం పెరుగుతుంది.

అలాగని గాలి సిలిండర్‌కు జాగ్రత్తలు లేవని కాదు. అది 200 బార్లు. తయారీదార్లు సాధారణంగా పదేళ్ల గడువు ముద్రిస్తారు. గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన చెబుతుంది. పాత పిస్టల్ కొనేటప్పుడు బ్యారెల్ కంటే ముందు సిలిండర్ మీది తేదీ చూడమని తండ్రికి రాసిచ్చాను. నింపేటప్పుడు నిదానంగా, పొడిగాలితో, ఎప్పటికీ ఆక్సిజన్‌తో కాదు.

తర్వాత

వేలి సంగతి డాక్టరుకు చూపించమని ఆ రోజే పంపాను. పైపొరే పోయింది, మళ్లీ చర్మం వచ్చిందని తండ్రి ఫోన్‌లో చెప్పారు. ఇలాంటిది జరిగితే వెంటనే చేయాల్సింది గోరువెచ్చటి నీళ్లలో వేలు పెట్టడం. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. అబ్బాయి ఆ రోజు పెట్టింది చల్లటి కుండ నీళ్లు.

పిస్టల్ ఇప్పుడు ఉదయం ఎనిమిది లోపు, లేకపోతే సాయంత్రం పొద్దుగూకాక వరండాలో పనిచేస్తోంది. ఆట అయ్యాక మిగిలిన గ్యాస్ ట్రాప్‌లోకి కాల్చి ఖాళీ చేసి, క్యాప్సూల్ తీసి పెట్టెలో పెడుతున్నారు. మిగిలిన గ్యాస్ ఖాళీ చేయడం వృథా కదా, రాత్రంతా క్యాప్సూల్ ఉంచేయొచ్చు కదా అని వాదించేవాళ్లున్నారు. సీల్ మీద ఒత్తిడి, ఇంట్లో నిండిన పిస్టల్ రెండూ తప్పుతాయి కాబట్టి నేను తీసేయమనే చెబుతాను. సూది మొన అరుగుదల మాత్రం గమనించాలి. అది ఇంకా మొండిబారితే క్యాప్సూల్‌కు రంధ్రం సగమే పడి షాట్లు మళ్లీ బలహీనపడతాయి. దసరా సెలవులకు పిస్టల్‌ను ఒకసారి తెమ్మన్నాను, అప్పుడు సూది మార్చాలో వద్దో చూస్తాను.